తాళం ఉన్న ఇల్లు

ఆ మాట అన్నది నేనే. ఇప్పుడది ఊరంతా కలిసి అన్న మాటగా బడి గోడ మీద నీలం రంగుతో రాసి ఉంది. ఏడో నంబరు. "ఇంటికి తాళం వేసుకునేవారు నిరుపేదలు కారు." అన్నిటికీ కింద, ఇది ఊరి ప్రజలు తామే చేసుకున్న తీర్మానం అని కూడా రాశారు. నేను పనికి వెళ్ళే దారి ఆ గోడ పక్కనుంచే. మొదట్లో తల తిప్పుకుని పోయేదాన్ని. ఇప్పుడు తిప్పుకోవడం లేదు. చదువుతాను, వెళ్ళిపోతాను.

నా పని గోనెసంచులు కుట్టడం. గోడౌనులో ధాన్యం నింపిన బస్తాలకు మూతులు కుడతాను, చిరిగిన సంచులకు మాసికలు వేస్తాను. పొద్దస్తమానం చేతిలో దబ్బనం ఉంటుంది కాబట్టి ఊళ్ళో నా పేరు దబ్బనం. చేతిలో ఉన్నదాని వల్ల కాదు, నోట్లో ఉన్నదాని వల్ల ఆ పేరు వచ్చిందని మా ఆయన అంటాడు. ఆయన అదే గోడౌనులో బస్తాలు మోస్తాడు. "నువ్వు బస్తాని కుడితే చిల్లు పూడుతుంది, మనిషిని కుడితే చిల్లు పడుతుంది" అని పదిమందిలో అని నవ్విస్తాడు. నేనూ నవ్వేదాన్ని. మాట పడటం నాకు కొత్త కాదు, అనడం అంతకన్నా కొత్త కాదు.

వానలు వెనకబట్టాక ఊరికి ప్రాజెక్టు వచ్చింది. పేదరికం తగ్గించే ప్రాజెక్టు. ఊరి చివర ఖాళీ జాగాలో కూరగాయలు ఎండబెట్టి డబ్బాల్లో నింపే షెడ్డు కడతారు. అందులో పద్నాలుగు మందికి ఏడాది పొడుగునా పని. వాన వచ్చినా, ఎండ కాసినా, ఊరు వదలక్కర్లేని పని. ఆ పద్నాలుగు చోట్లూ ఊళ్ళో అందరికన్నా లేనివాళ్ళకి. ఆ లేనివాళ్ళు ఎవరో పట్నంలో ఆఫీసు చెప్పదట, ఊరే కూర్చుని తేల్చాలట. ప్రాజెక్టు అమ్మాయి మొదటి రోజు నుంచీ ఆ ముక్కే చెప్పింది. పాతికేళ్ళుంటాయేమో. భుజాన పెద్ద గుడ్డసంచి, దాన్నిండా చుట్టిన చార్టులు, రంగు పెన్నులు. మంచి పిల్ల. ఎండలో తిరిగి ముఖం కమిలిపోయినా గొంతు తగ్గేది కాదు.

"మీ ఊరి సంగతి మాకంటే మీకే తెలుసు. మీరే చెప్పాలి, మీరే రాసుకోవాలి, మీరే తేల్చుకోవాలి. మేం పక్కన కూర్చుంటాం, అంతే."

"పక్కన కూర్చునే ఉద్యోగం ఇంకోటి ఉంటే నాకూ చెప్పమ్మా" అంది పిండిమర వదిన. ఆవిడ పిండిమర నడుపుతుంది. కనురెప్పల మీద కూడా పిండి ఉంటుంది, నోట్లో మాత్రం కారం.

బడి వసారాలో అందరం కింద కూర్చున్నాం. ఆ అమ్మాయి గోడకి తెల్ల చార్టు అంటించి పైన ఒక ప్రశ్న రాసింది. పేదవాళ్ళంటే ఎవరు? అంతే, అప్పటిదాకా గోల చేస్తున్నవాళ్ళు తలలు దించుకున్నారు. ఎవరి కాలి వేళ్ళు వాళ్ళు చూసుకున్నారు. ఆ ప్రశ్న అడిగితే ఎలా చెబుతాం? చెప్పేవాడు పక్కవాణ్ణయినా చూపించాలి, తననయినా చూపించుకోవాలి.

"పేర్లొద్దు, గుర్తులు చెప్పండి చాలు" అంది ఆ అమ్మాయి.

అప్పుడు కొంచెం కదిలారు. పాత వాచ్‌మన్ మావయ్య దగ్గి, ఇంటికప్పు కారేవాడు అన్నాడు. గోడౌనుకు ఇరవై ఏళ్ళు కాపలా కాసి మానేసిన మనిషి, ఊళ్ళో ఆయన మాటకి విలువ. సొంతానికి సెంటు భూమి లేనివాళ్ళు అని ఒకరు, ఒక్క మనిషి రెక్కల మీద నడిచే ఇల్లు అని ఇంకొకరు. పిల్లల్ని బడి మాన్పించినవాళ్ళు. జబ్బు చేస్తే చూసే దిక్కు లేనివాళ్ళు. పడుకోవడానికి మంచం లేనివాళ్ళు అని ఒక ముసలామె మెల్లగా అని, తన మంచం గురించి ఎవరైనా అడుగుతారేమోనని చుట్టూ చూసింది. ఆ అమ్మాయి ఒక్కో మాటా పెద్ద అక్షరాలతో రాసింది. తర్వాత అడిగింది.

"సరే. పేదవాళ్ళు కారని ఎలా గుర్తుపడతారు?"

"తాళం చూసి" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. నలుగురూ తిరిగి చూస్తే నా నోటికి పూనకం వస్తుంది.

"దాచుకునేది ఉంటేనే కదా తాళం. ఏమీ లేనివాడు గడియ కూడా పెట్టుకోడు. మా ఇంట్లోకి కుక్క దూరితే పాపం అదే ఏదో పెట్టి పోతుంది" అన్నాను.

వసారా అంతా నవ్వింది. వాచ్‌మన్ మావయ్యకి నవ్వి నవ్వి దగ్గు పట్టుకుంది. నవ్వుతూనే అందరి కళ్ళూ మూలనున్న స్తంభం వైపు వెళ్ళాయి. అక్కడ కూతుర్ని పక్కన పెట్టుకుని మా చెల్లెలు కూర్చుని ఉంది. మా వైపు వీధుల్లో ఇంటికి తాళం వేసేది తను ఒక్కతే. మామూలు తాళమా అది, పిడికిలంత ఇత్తడి తాళం. కుళాయికి వెళ్ళినా వేస్తుంది, పక్కింటికి నిప్పుపెట్టె కోసం వెళ్ళినా వేస్తుంది. ఊళ్ళో దానికి తాళాలమ్మ అని పేరు పెట్టారు. పేరు పెట్టిందీ నేనే.

చెల్లి కూడా నవ్వింది. కొంచెమే నవ్వింది, అందరూ నవ్వుతుంటే ఒక్కతే ఊరుకోవడం బాగుండదని నవ్వినట్టు. ప్రాజెక్టు అమ్మాయి సంబరపడిపోయింది. "చూశారా, ఇలాంటిది మాకు పట్నంలో కూర్చుంటే తడుతుందా?" అని ఏడో గుర్తుగా రాసేసింది. నాకు చప్పట్లు కొట్టించింది. పుట్టి బుద్ధెరిగాక నాకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బాగానే అనిపించింది. అబద్ధమెందుకు.

నా కడుపులో మంట లేకపోతే ఆ మాట వచ్చేది కాదు. మూడేళ్ళ కిందట మా చెల్లి మొగుడు బోర్లు వేసే లారీతో వెళ్ళాడు. నాలుగు నెలలు ఫోను చేశాడు, తర్వాత ఆ నంబరే లేదన్నారు. బతికున్నాడో లేడో, ఉంటే ఎవరితో ఉన్నాడో ఎవరికీ తెలీదు. ఆ రోజుల్లో ఒకసారి గిన్నెలో కూర పట్టుకుని చెల్లి ఇంటికి వెళ్ళాను. అది గిన్నె అందుకుని లోపల పెట్టి, బయటికి వచ్చి, తలుపు లాగి, నేను నిలబడి చూస్తుండగా తాళం వేసి, అరుగు మీద కూర్చుని కబుర్లు మొదలుపెట్టింది. లోపలికి రమ్మనవా అంటే, "లోపలంతా చిందరవందరగా ఉందక్కా" అంది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. సొంత అక్కని గుమ్మం బయట నిలబెట్టిన మనిషి ఇంటికి నేనెందుకు వెళ్ళాలి? మానేశాను. మానేసి ఊరుకున్నానా? గోడౌనులో అందరితో మా చెల్లి ఇంట్లో నిధి దొరికిందర్రా, అందుకే తాళం అని చెప్పాను. ఆ మాట నాకన్నా ముందే వీధి దాటేది. కుళాయి దగ్గర చెల్లి ఎదురుపడితే పలకరించేది, నేను బిందె వైపు చూసేదాన్ని.

మరుసటి వారం కార్డులు వేరు చేయడం. ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక కార్డు రాశారు, నూట ముప్పై ఎనిమిది. ఊరు ఎన్నుకున్న ముగ్గురు బడి గదిలో కూర్చుని వాటిని మూడు కుప్పలు వేయాలి. ఉన్నవాళ్ళు, నెట్టుకొచ్చేవాళ్ళు, లేనివాళ్ళు. ఆ ముగ్గురూ వాచ్‌మన్ మావయ్య, పిండిమర వదిన, నేను. చప్పట్ల పుణ్యమా అని నన్నూ ఎన్నుకున్నారు. ఒక నియమం ఉంది. సొంతవాళ్ళ కార్డు వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్ళిపోవాలి. మా ఇంటి కార్డు వచ్చినప్పుడు వెళ్ళాను. లోపలికి పిలిచేసరికి అది మధ్య కుప్పలో ఉంది. సరిగ్గానే వేశారు. మేం నెట్టుకొచ్చేవాళ్ళమే.

మధ్యాహ్నం చెల్లి కార్డు వచ్చింది. మళ్ళీ లేచి వసారాలోకి వెళ్ళాను. ఆ గది కిటికీకి రెక్కల్లేవు. లోపలి మాట బయటికి వినిపిస్తుంది.

"ఈ పిల్ల సంగతేంటి? మొగుడు లేడు కదా" అన్నాడు మావయ్య.

"లేడో, ఉండి పంపుతున్నాడో ఎవడు చూశాడు? ఏమీ లేకుండానే అంత తాళమా?" అంది వదిన.

"ఒక్క మనిషి రెక్కల మీద ఇల్లు అని రాసుకున్నాం."

"తాళం అనీ రాసుకున్నాం. అన్నదెవరు? వాళ్ళక్క. తోడబుట్టింది చెప్పాక మనమెవరం, మావయ్యా?"

తర్వాత కార్డు కింద పడిన చప్పుడు. నన్ను లోపలికి పిలిచారు. మధ్య కుప్పలో పైనే ఉంది. నేను కూర్చుని తర్వాతి కార్డు తీశాను. నా మాట తీసేయండి, అది ఎకసెక్కం అని అనొచ్చు. అనలేదు. నియమం ప్రకారం సొంతవాళ్ళ గురించి మాట్లాడకూడదు అనుకున్నాను. అది పైకి అనుకున్నది. లోపల మాత్రం కొంచెం చల్లగా ఉంది. గుమ్మం బయట నిలబెట్టావు కదా, ఇప్పుడు నువ్వూ నిలబడు అని.

పద్నాలుగు ఇళ్ళ పేర్లు గోడకి అంటించారు. ఇంకో పది రోజుల్లో పెద్ద మీటింగు, పట్నం నుంచి ఆఫీసరు వస్తాడు, అభ్యంతరాలుంటే అప్పుడు చెప్పాలి, తర్వాత లిస్టు ఖాయం.

నాలుగో రోజు కుళాయి దగ్గర వింటే, మా చెల్లి ఇటుక బట్టీకి పేరిచ్చిందట. పెద్ద మీటింగు తర్వాతి సోమవారం లారీ. బట్టీలో పని అంటే ఎనిమిది నెలలు, ఊరికి చాలా దూరం, అక్కడే రేకుల కింద కాపురం. అదంతా అందరికీ తెలిసిందే. నాకు అర్థం కానిది ఒకటే.

"ఒక్కతే ఎలా వెళ్తుంది? బట్టీవాడు జంటనే తీసుకుంటాడు కదా. ఒకళ్ళు మట్టి ముద్ద చేసి ఇవ్వాలి, ఒకళ్ళు అచ్చు కొట్టాలి" అన్నాను.

"కూతురు ఉందిగా జంట" అన్నారు.

దాని కూతురికి పన్నెండేళ్ళు. ఏడో తరగతి. బిందె నిండి పొర్లిపోతుంటే వెనక ఉన్నామె నా భుజం తట్టింది.

ఆ మధ్యాహ్నం సంచులు పక్కన పెట్టి చెల్లి ఇంటికి వెళ్ళాను. రెండేళ్ళ తర్వాత. చెల్లి కూలికి పోయింది. బడికి సెలవు, పిల్ల అరుగు మీద కూర్చుని పుస్తకం చదువుతోంది, మెళ్ళో తాడుకి తాళంచెవి వేలాడుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"అమ్మ లేదు పెద్దమ్మా."

"తెలుసు. తాళం తియ్యి."

"అమ్మ తియ్యొద్దంది."

"నేనెవర్ని, దొంగనా?"

పిల్ల చాలాసేపు తాళంచెవిని వేలికి చుట్టింది. "ఎవరికీ చెప్పనని ఒట్టేస్తావా?" అంది. వేశాను. ఆడుకునే పిల్లలు వేసుకునే ఒట్టులాగే వేశాను. అది తాళం తీసింది, నేను లోపలికి వెళ్ళాక మళ్ళీ తలుపు దగ్గరగా వేసింది.

ఒకటే గది. నేల శుభ్రంగా తుడిచి ఉంది. చిందరవందర కావడానికి అక్కడ ఏమీ లేదు. ఒక మూల మూడు రాళ్ళ పొయ్యి, బోర్లించిన ఒక గిన్నె, రెండు పళ్ళేలు. గోడకి చుట్టి నిలబెట్టిన ఒక చాప. మంచం కోళ్ళు ఉండిన చోట నేల మీద నాలుగు గుంటలున్నాయి, మంచం లేదు. గోడ మీద బీరువా ఆనిన చోట నలుచదరంగా సున్నం తెల్లగా ఉంది, బీరువా లేదు. నా పెళ్ళప్పుడు దానికీ నాకూ ఒకేలాంటివి కొన్న గిన్నెలు లేవు. ఎదురు గూట్లో ఐదు రేకు డబ్బాలు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా పెట్టి ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి పెద్దదాని మూత ఎత్తాను. ఖాళీ. రెండోది ఖాళీ. మూడో దాని మీద చెయ్యి ఆగిపోయింది.

మా చిన్నప్పుడు ఒక ఏడు అసలు వానల్లేవు. సాయం అందించడానికి లేనివాళ్ళని లెక్క రాసుకుంటూ మనుషులు వచ్చారు. అందరూ లేదంటున్నారు, నిజంగా లేదో చూడాలి అన్నారు. మా ఇంట్లోకి వచ్చి అమ్మని మూతలు ఎత్తి చూపించమన్నారు. అమ్మ ఎత్తలేకపోతే వాళ్ళలో ఒకడు కర్రతో ఎత్తాడు. గుమ్మం దగ్గర వీధంతా నిలబడి చూసింది. మాకు సాయం ఇచ్చారు, నిజమే, ఆ ఏడు దానితోనే బతికాం. కానీ ఆ తర్వాత అమ్మ బతికినన్నాళ్ళూ నడి ఎండాకాలంలో కూడా తలుపు వేసే ఉంచేది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, చెల్లికి నాలుగు. దానికి గుర్తుండదనుకున్నాను.

"డబ్బాలు అమ్మేద్దామంటే అమ్మ వద్దంది పెద్దమ్మా. తలుపు సందులోంచి ఎవరైనా చూస్తే వరసగా కనపడాలంట" అంది పిల్ల.

బయటికి వచ్చాను. అది తాళం వేసి, ఒకసారి లాగి చూసుకుంది. ఆ ఇంటికి సంబంధించిన వాటిలో అమ్మితే నాలుగు డబ్బులొచ్చేది ఆ తాళమొక్కటే. అది తలుపుకి బయట ఉంది.

ఇంటికి వచ్చి మా ఆయనకి చెప్పలేదు. ఒట్టు ఉంది కదా. సంచులు కుట్టాను. దబ్బనం వేలికి దిగితే రక్తం వచ్చింది, నొప్పి మాత్రం తెలియలేదు. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. అప్పటినుంచీ అలాగే ఉంది లోపల, తడిసిన గోనెసంచి ఆరకుండా మడిచి పెట్టినట్టు.

పెద్ద మీటింగు రోజున బడి ఆవరణలో ఊరంతా ఉంది. ఆఫీసరు జీపులో వచ్చాడు. దర్పం లేని మనిషి, కుర్చీ వేస్తే వద్దని మాతోపాటే కింద కూర్చున్నాడు. ప్రాజెక్టు అమ్మాయి గుర్తులన్నీ చదివింది, పద్నాలుగు ఇళ్ళూ చదివింది. అభ్యంతరాలున్నాయా అని అడిగింది. నేను లేచాను.

"ఆ ఏడోది తీసెయ్యండి. నేను ఎకసెక్కానికి అన్నాను" అన్నాను.

"దబ్బనం ఎకసెక్కం కాకుండా ఎప్పుడు మాట్లాడిందిలే" అన్నారెవరో. నవ్వారు.

"ఒక ఇంటికి అన్యాయం జరిగింది. తాళం ఉన్నా లేనివాళ్ళున్నారు. మా చెల్లి ఉంది."

ఆఫీసరు నెమ్మదిగా చెప్పాడు. "అమ్మా, ఈ గుర్తులు మేం పెట్టినవి కావు. మీరు పెట్టుకున్నవి. మీరందరూ ఒప్పుకున్నదాన్ని నేనొచ్చి కొట్టేస్తే ఇది మీ ప్రాజెక్టు ఎలా అవుతుంది?"

ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేను నిలబడే ఉన్నాను. ప్రాజెక్టు అమ్మాయికి నా ముఖం చూసి జాలేసిందేమో, "ఒక దారుంది సార్. అభ్యంతరం వచ్చినప్పుడు ముగ్గురు వెళ్ళి ఇల్లు చూసి రావచ్చు. చూసి వచ్చి చెబితే అందరూ ఒప్పుకుంటే లిస్టు మార్చొచ్చు" అంది.

"ముగ్గురెందుకు, అందరం పోదాం. నాలుగడుగులేగా" అన్నారు వెనకనుంచి.

మనుషులు లేవడం మొదలుపెట్టారు. వెనక దుమ్ము దులుపుకుంటున్నారు, చెప్పులు వెతుక్కుంటున్నారు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. చాలామంది మా చెల్లికి చోటు వస్తే బాగుండుననే అనుకుని ఉంటారు. కానీ రెండేళ్ళుగా ఆ తలుపు వెనక ఏముందోనని ఊరంతా అనుకుంటోంది, ఇవాళ చూడొచ్చు. పిండిమర వదిన అందరికన్నా ముందే గేటు దగ్గర ఉంది.

అప్పుడు చెల్లి లేచింది.

"ఎక్కడికి?"

"మీ ఇంటికేనమ్మా. ఒకసారి చూస్తే నీకే మంచిది" అన్నాడు వాచ్‌మన్ మావయ్య.

"చూడ్డానికేముంది మావయ్యా. మా ఇంట్లో అన్నీ ఉన్నాయి." దాని గొంతు మామూలుగా ఉంది. "మా అక్క నా మీద ప్రేమతో చెబుతోంది. తను మా గడప తొక్కి రెండేళ్ళయింది. అడగండి."

అందరూ నా వైపు చూశారు. రెండేళ్ళయిందని అందరికీ తెలుసు. నేనే చెప్పాను కదా అందరికీ.

"మీరు లోపల చూశారామ్మా?" అన్నాడు ఆఫీసరు.

పిల్ల నన్ను చూస్తోంది. చెల్లి నన్ను చూడటం లేదు, దాని పిడికిట్లో తాళంచెవి ఉంది. చూశానంటే ఊరంతా ఆ ఇంటికి నడుస్తుంది. పిండిమర వదిన డబ్బాల మూతలు ఎత్తుతుంది. షెడ్డులో చోటు వస్తుంది, పిల్ల బడికి పోతుంది. ఇదంతా నాకు తెలుసు. ఒక్క మాట.

"లేదు. చూడలేదు" అన్నాను.

కూర్చున్నాను. ప్రాజెక్టు అమ్మాయి ఏదో రాసుకుంది. లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు, కొంతమంది నిట్టూర్చారు. చివర్లో పద్నాలుగు మందినీ నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. నేనూ కొట్టాను. పక్కన చెల్లి కూడా కొడుతోంది.

జనం పోయాక దాని వెనకే వెళ్ళాను.

"పిల్లని నా దగ్గర వదిలెయ్యవే. చదువుకుంటుంది."

"జంట లేకపోతే లారీ ఎక్కించుకోడక్కా."

"అయితే ఇద్దరూ మా ఇంటికి వచ్చెయ్యండి. ఎలాగోలా నెట్టుకొద్దాం."

"నెట్టుకొచ్చేవాళ్ళ లిస్టులో నేనూ ఉన్నాగా" అని నవ్వింది. "బావకి నడుం నొప్పి, సగం రోజులు పనికి పోవడం లేదు. నాకు తెలీదనుకున్నావా? నువ్వు మీ ఇంటికి తాళం వెయ్యవు, అంతే తేడా."

"పది నిమిషాలు తలుపు తీస్తే అయిపోయేది కదే" అన్నాను.

అది నడుస్తూనే ఉంది. మలుపు దగ్గర ఆగింది.

"పది నిమిషాలే అక్కా. అమ్మకీ అంతే పట్టింది."

సోమవారం తెల్లారాక లారీ వచ్చింది. ముప్పై మంది దాకా ఉన్నారు, మూటలు, పిల్లలు, గిన్నెలు. చెల్లిది ఒక మూట, చాప. పిల్ల పుస్తకాలు తేలేదు. అక్కడ తడుస్తాయని గూట్లోనే డబ్బాల పక్కన పెట్టి వచ్చానంది. మా ఆయన నడుం పట్టుకుంటూనే మూట పైకి అందించాడు. చెల్లి లారీ ఎక్కి, వంగి, తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"వానకి తుప్పు పడుతుంది. అప్పుడప్పుడు ఒక నూనె చుక్క వెయ్యి. లోపల తుడవక్కర్లేదు."

చూశానని నేను చెప్పలేదు. దానికి తెలుసో తెలీదో అడగలేదు. లారీ కదిలింది. పిల్ల చెయ్యి ఊపింది, నేనూ ఊపాను.

షెడ్డు కట్టారు. పద్నాలుగు మంది పనికి వెళ్తున్నారు, పొద్దున్నే నీలం గుడ్డలు తలకి చుట్టుకుని నవ్వుకుంటూ మా ఇంటి ముందునుంచే పోతారు. వాళ్ళు లేనివాళ్ళే, వాళ్ళకి రావాల్సిందే వచ్చింది. మంచం గురించి భయపడిన ముసలామె కోడలు కూడా వాళ్ళలో ఉంది. పేదరికం తగ్గిందని మొన్న ప్రాజెక్టు అమ్మాయి ఫొటోలు తీసుకుపోయింది. ఏడో గుర్తు చెప్పిన మనిషినని నన్నూ గోడ పక్కన నిలబెట్టి తీసింది. కొంచెం నవ్వమంది. నవ్వాను.

చెల్లి నుంచి ఒకసారి ఎవరి ఫోనులోంచో కబురు వచ్చింది. బాగున్నామంది. పిల్ల చేతులు పగిలాయి, సర్దుకుంటాయి అంది. తాళం ఎలా ఉందని అడిగింది.

ఆదివారం ఆదివారం వెళ్తాను. అరుగు తుడుస్తాను. దబ్బనం మొనకి నూనె అద్ది తాళం కన్నంలో వేస్తాను, చెవి పెట్టి ఒకసారి తిప్పి, మళ్ళీ తిప్పి, లాగి చూస్తాను. తలుపు తియ్యను. మొన్న పిండిమర వదిన అటుగా పోతూ ఆగింది. కనురెప్పల మీద పిండి.

"ఏమే దబ్బనం, మీ చెల్లి లేకపోయినా అంత కాపలా కాస్తున్నావు. లోపల ఏముందే?"

నేను నూనె చెయ్యి తుడుచుకున్నాను.

"అన్నీ ఉన్నాయి వదినా" అన్నాను.